గ్వాడలూప్‌లో ఎక్కడ తినాలి?



కిందటి నెల కార్యక్రమంలో ఒకావిడ ఫోను చేసి అడిగారు: "ఈ చలికాలం సెలవులకి క్రూజులో కరీబియన్ వెళ్తున్నాం. ఓడ గ్వాడలూప్ అనే దీవిలో ఒక పగలంతా ఆగుతుందట. మేము శాకాహారులం. అక్కడ తినడానికి ఏమన్నా దొరుకుతుందా, లేక పులిహోర కట్టుకుని పోవాలా?" మన రేడియో బృందంలో ఆ దీవి చూసొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో, జవాబు చెప్పే పని నా నెత్తిన పడింది. ఐదు నిమిషాల్లో నాలుగు హోటళ్ళ పేర్లు చెప్పి దిగిపోదామనుకున్నాను. రాసుకోవడం మొదలెట్టాక అది ఇరవై నిమిషాలు దాటింది. నిర్వాహకులు మన్నించాలి. హోటళ్ళ పేర్లు మాత్రం ఒక్కటీ చెప్పడం లేదు. ఎందుకంటే అక్కడ బాగా తిన్న చోట్లకి పేర్లు లేవు, లేదా నేను చూసుకోలేదు.

ముందు ఈ దీవి ఎక్కడుందో చెప్తాను. మయామీ నుంచి ఆగ్నేయ దిక్కుగా విమానంలో మూడు గంటల పైచిలుకు. మ్యాపులో చూస్తే రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా ఉంటుంది. పడమటి రెక్క పేరు బాస్‌తేర్: కొండలు, అడవి, 1,467 మీటర్ల ఎత్తు అగ్నిపర్వతం. తూర్పు రెక్క గ్రాండ్‌తేర్: చదును నేల, చెరకు తోటలు. రెండిటి మధ్య సన్నటి ఉప్పునీటి పాయ. చుట్టూ ఉన్న చిన్న చిన్న లంకలన్నీ కలుపుకున్నా 1,600 చదరపు కిలోమీటర్ల పైన కొంచెం. 1635లో ఫ్రెంచివాళ్ళు వచ్చి పాగా వేశారు. 1946 నుంచి చట్టప్రకారం అది ఫ్రాన్సులో ఒక జిల్లా. అంటే, కొబ్బరి చెట్ల కింద కూర్చుని యూరోల్లో బిల్లు కట్టాలన్నమాట.

మేము వెళ్ళింది ముగ్గురం. నేను, మా ఆవిడ, ఏడేళ్ళ మా పాప. మా ఆవిడ పుట్టుకతో శాకాహారి. నేను పెళ్ళయ్యాక ఇంట్లో శాకాహారిని. ఇంటర్మీడియట్‌లో మార్కులు బాగా వేస్తారని సెకండ్ లాంగ్వేజిగా ఫ్రెంచి తీసుకున్న వేలాది హైదరాబాదు పిల్లల్లో మా ఆవిడా ఒకతి. ఆ ఫ్రెంచి ఇరవై ఏళ్ళ తరవాత మొదటిసారి అక్కరకొచ్చింది.

మొదటి రోజే మాకు జ్ఞానోదయమైంది. సామాన్లు గదిలో పడేసి, స్నానాలు చేసి, మధ్యాహ్నం మూడింటికి తీరిగ్గా భోజనానికి బయలుదేరాం. వెళ్ళిన ప్రతి చోటా కుర్చీలు బల్లల మీదికి ఎత్తేసి ఉన్నాయి. పన్నెండు నుంచి రెండు దాకానే మధ్యాహ్నం భోజనం, మళ్ళీ రాత్రి ఏడింటికే పొయ్యి వెలిగేది. అమెరికాలో ఏ వేళప్పుడైనా తినడానికి అలవాటుపడ్డ ప్రాణాలు మావి. పాప ఏడుపు మొదలెట్టింది. అప్పుడు కనబడింది రోడ్డు పక్కన ఒక వ్యాను, పక్కన చెక్క బల్ల, లోపల సలసలా కాగుతున్న నూనె మూకుడు.

అక్కడ వేస్తున్నదాన్ని బొకిట్ అంటారు. గోధుమ పిండిని పులియబెట్టి, అరచేతి మందాన ఒత్తి, నూనెలో పొంగేలా వేయిస్తారు. చూడ్డానికి మన భటూరాకి దగ్గర చుట్టం. మధ్యలోకి చీల్చి లోపల ఉప్పుచేప, కోడి, పంది మాంసం, గుడ్డు, ఏది కావాలంటే అది కూరతారు. మా ఆవిడ తన ఇంటర్మీడియట్ ఫ్రెంచిలో "మాంసం వద్దు, చేప వద్దు" అని రెండుసార్లు చెప్పి, చీజు, టమాటా, ఆకులు పెట్టించుకుంది. పైన ఎర్ర మిరప సాసు. ఈ మిరప సంగతి జాగ్రత్త. అక్కడి మిరపకాయ చిన్న లాంతరులా ముద్దుగా ఉంటుంది, గుంటూరువాడైనా సరే మర్యాదగా చూడాల్సిన కాయ.

బొకిట్ అనే మాట ఇంగ్లీషు జానీకేక్ నుంచి వచ్చిందంటారు. ఉత్తర అమెరికా నుంచి వచ్చిన ఆ రొట్టె పేరు క్రియోల్ నోళ్ళలో నలిగి నలిగి ఇలా అయింది. ఫ్రెంచి వలసల్లో బానిసత్వం రద్దయింది 1848లో. (మధ్యలో 1794లో ఒకసారి రద్దు చేసి, 1802లో నెపోలియన్ కాలంలో మళ్ళీ తెచ్చి పెట్టారు. ఇచ్చిన స్వేచ్ఛని వెనక్కి లాక్కోవడం అనే పని చరిత్రలో మరీ ఎక్కువసార్లు జరగలేదు. ఇక్కడ జరిగింది.) విడుదలైనవాళ్ళకి బేకరీ రొట్టె కొనే డబ్బు లేదు, ఇంట్లో పొయ్యే తప్ప ఓవెన్ లేదు. పిండి, నీళ్ళు, కాగే నూనె ఉంటే చాలు, రొట్టె తయారు. బొకిట్ పుట్టుక గురించి ఆ దీవివాళ్ళు చెప్పుకునే కథ ఇది.

అదే వ్యానులో చిన్న చిన్న బోండాల్లాంటివి కూడా వేస్తున్నారు. అక్రా అంటారు. నేను తిన్నాను, మా ఆవిడ తినలేదు, ఎందుకంటే అందులో ఉండేది ఉప్పు పట్టించి ఎండబెట్టిన కాడ్ చేప. ఆ పేరు పడమటి ఆఫ్రికాది. నైజీరియాలో ఇప్పటికీ అకరా అంటే అలసందలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి వేసే గారెలు. మన అలసంద గారెలే అనుకోండి. మరి సముద్రం దాటేసరికి అలసందలు పోయి చేప ఎందుకొచ్చింది? చుట్టూ బతికున్న చేపలతో నిండిన సముద్రం పెట్టుకుని, ఎక్కడో కెనడా దగ్గరి చల్లటి నీళ్ళలో పట్టి ఎండబెట్టిన చేపని ఎందుకు తింటారు?

దీనికి జవాబు ఒక చట్టంలో ఉంది. 1685లో పధ్నాలుగో లూయీ రాజు బానిసల కోసం ఒక శాసనం జారీ చేశాడు. దాన్ని "నల్ల శాసనం" అంటారు. అందులో 22వ నిబంధన భోజనం గురించి. పదేళ్ళు దాటిన ప్రతి బానిసకీ యజమాని వారానికి రెండున్నర కుండల కర్రపెండలం పిండి, దాంతోపాటు రెండు పౌన్ల ఉప్పు గొడ్డుమాంసం గానీ మూడు పౌన్ల చేప గానీ ఇవ్వాలి. చెరకు నరకాల్సిన మనిషిని చేపలు పట్టుకోమని వదలరు కదా. అంచేత ఎండుచేప ఓడల్లో దిగుమతయ్యేది. ఎంత తక్కువ రకమైతే అంత లాభం. మూడు వందల ఏళ్ళ కిందటి ఆ రేషను కార్డే ఇవాళ పర్యాటకులు రమ్ముతో నంజుకునే ఫలహారమైంది. బాగుంటుంది, అబద్ధం చెప్పను.

ఇంతవరకూ నాకు ఇది వేరేవాళ్ళ చరిత్ర. రెండో రోజు మధ్యాహ్నం (ఈసారి పన్నెండున్నరకే) సముద్రం ఒడ్డున రేకుల పందిరి కింద ఒక చిన్న భోజనశాలలో కూర్చున్నాం. నల్ల బల్ల మీద సుద్దతో ఆ రోజు వంటకాలు రాశారు. రెండో వరసలో "కొలొంబో" అని ఉంది. మేక కొలొంబో, కోడి కొలొంబో. శ్రీలంక వాళ్ళెవరన్నా వచ్చి హోటలు పెట్టారు కాబోలు అనుకున్నాను. వంటావిడని అడిగితే నవ్వి, ఇది మా వంట, మా అమ్మ చేసేది, మా అమ్మమ్మ చేసేది అంది. ఆవిడ ముఖం చూస్తే ఆఫ్రికా, ఇండియా రెండూ కలిసి ఉన్నాయి. నెత్తికి గళ్ళ గుడ్డ చుట్టుకుంది.

పళ్ళెం వచ్చింది. తెల్లటి అన్నం, పక్కన పసుపు పచ్చటి పులుసు, అందులో వంకాయ ముక్కలు, మామిడికాయ ముక్క ఒకటి. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నేను చెంచా కింద పెట్టేశాను. మెంతులు. ధనియాలు, జీలకర్ర, ఆవాలు, మిరియాలు, పసుపు, వాటి వెనకాల కొంచెం చేదుగా మెంతులు. మా అమ్మ చేసే పులుసు కాదు, కానీ ఆ వీధిదే. మసాలా పొడిలో మిరపకాయ ఉండదు. కారం కావాలంటే ఆ లాంతరు కాయని పులుసులో పగలకుండా తేలనిస్తారు. దానికి తోడు ఫ్రెంచి తోటకూరలు, థైము, ఉల్లికాడలు. కొలొంబో అనే పేరు నగరం నుంచి వచ్చిందని కొందరంటారు. తమిళ "కుళంబు" నోటిలో తిరగబడి అలా అయిందని ఇంకొందరు. తిన్నవాడిగా నా వోటు కుళంబుకే.

ఇది అక్కడికెలా వచ్చిందంటే, మళ్ళీ 1848కి వెళ్ళాలి. బానిసలు విడుదలయ్యాక చెరకు తోటల వాళ్ళకి కూలీలు కావాలి, అదీ చవగ్గా, ఎదురు చెప్పకుండా. ఫ్రెంచివాళ్ళకి మన తీరంలో పుదుచ్చేరి, కారైకాల్, యానాం ఉన్నాయి. కాంట్రాక్టు మీద కూలీలని ఓడెక్కించడం వాళ్ళకి కొత్త కాదు. ఆ పద్ధతికి మొదటి ప్రయోగం మన గోదావరి ఒడ్డునే జరిగింది: 1828లోనే యానాం నుంచి తెలుగు కూలీలని హిందూ మహాసముద్రంలోని రియూనియన్ దీవికి పంపారు. గ్వాడలూప్‌కి మొదటి ఓడ, దాని పేరు ఒరేలీ, 1854 క్రిస్మస్ వేళకి పొయింతపీత్ర్ రేవు చేరింది. 1861లో బ్రిటిష్ వాళ్ళతో ఒప్పందం కుదిరాక మద్రాసు, కలకత్తా వైపు నుంచి కూడా కూలీలని తీసుకుపోయారు. 1889లో ఆఖరి ఓడ వచ్చేసరికి ఆ చిన్న దీవిలో దిగినవాళ్ళు 42 వేల పైమాటే. ఎక్కువ మంది తమిళులు, కొందరు మనవాళ్ళు, మరికొందరు ఉత్తరాది వాళ్ళు.

కాంట్రాక్టు ఐదేళ్ళు. నెలకి 26 రోజుల పని. మగవాడికి పన్నెండున్నర ఫ్రాంకులు, ఆడమనిషికి పది. బియ్యం, ఉప్పుచేప రేషను. గడువు తీరాక తిరుగు ఓడ ప్రయాణం ఉచితమని కాగితంలో ఉంది. 42 వేల మందిలో వెనక్కి వెళ్ళింది పదివేల లోపే. మిగిలినవాళ్ళలో వేలమంది జ్వరాలతో, పనితో, దెబ్బలతో అక్కడే పోయారు. బతికినవాళ్ళు కాంట్రాక్టు మళ్ళీ రాయించుకున్నారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేనూ ఈ దేశానికి కాంట్రాక్టు మీదే వచ్చాను. మూడేళ్ళు, మళ్ళీ మూడేళ్ళు, ఆ తరవాత గ్రీన్ కార్డు వరసలో ఏళ్ళ తరబడి. ఆ కూలీలతో నన్ను పోల్చుకుంటే కళ్ళు పోతాయి. నేను ఏసీ గదిలో కూర్చుని కోడు రాసుకునేవాణ్ణి. వాళ్ళని తోట దాటి వెళ్తే పట్టుకుని జైల్లో పెట్టేవారు. అయినా గడువు, యజమాని, రెన్యూవల్ అనే మాటలు చదివినప్పుడు కడుపులో ఏదో కదిలింది. వద్దనుకున్నా కదిలింది.

వాళ్ళ పిల్లల సంగతి ఇంకా చిత్రం. గ్వాడలూప్‌లోనే పుట్టి, అక్కడే పెరిగి, క్రియోల్ మాట్లాడే పిల్లలు ఏ దేశస్థులు? ఫ్రెంచి ప్రభుత్వం లెక్కలో వాళ్ళు ఫ్రెంచివాళ్ళు కారు. బ్రిటిష్ ఇండియా నుంచి వచ్చినవాళ్ళ సంతానం కాబట్టి బ్రిటిష్ రాజు ప్రజలు. బ్రిటన్‌కి వాళ్ళ మొహం కూడా తెలీదు. వోటు లేదు. కపెస్తేర్ అనే ఊళ్ళో 1863లో ఒక తమిళ కుటుంబంలో పుట్టిన ఆన్రీ సిదంబరోమ్ అనే ఆయన (మన చిదంబరమే) 1904లో ఈ పిల్లల పేర్లు వోటర్ల జాబితాలో ఉండాలని పట్టుపట్టాడు. అధికారులు కాదన్నారు, ఆయన కోర్టుకెక్కాడు. ఒక ఏడాది, రెండేళ్ళు కాదండీ. 1923 దాకా, పంతొమ్మిదేళ్ళు. చివరికి వాళ్ళు ఫ్రెంచి పౌరులేనని ప్రభుత్వం ఒప్పుకుంది. ఆయన 1952 దాకా బతికాడు. కపెస్తేర్‌లో ఆయన విగ్రహం ఉంది. మేము ఆ ఊరికి వెళ్ళింది అందుకే.

కపెస్తేర్ అరటితోటల ఊరు. ఇక్కడ తిండి గురించి ఒక హెచ్చరిక చెప్పకపోతే తప్పవుతుంది. అరటి దుంపని తొలిచే పురుగుని చంపడానికి 1972 నుంచి క్లోర్‌డెకోన్ అనే మందు చల్లారు. 1990లో ఫ్రాన్సులో దాన్ని నిషేధించారు. ఈ దీవుల్లో మాత్రం 1993 దాకా మినహాయింపులిచ్చి చల్లనిచ్చారు. ఆ విషం నేలలో వందల ఏళ్ళు ఉంటుందట. పెద్దవాళ్ళలో పదింట తొమ్మిది మందికి పైగా రక్తంలో దాని జాడలున్నాయి. ఆ నేలలో పండిన దుంపల్లోకి, కొన్ని తీరాల చేపల్లోకి ఎక్కింది. దీనికి బాధ్యులెవరో తేల్చమని వేసిన క్రిమినల్ కేసుని 2023 జనవరిలో పారిస్ న్యాయమూర్తులు కొట్టేశారు. అరటిపండుతో భయం లేదు, అది పండులోకి ఎక్కదు. కానీ రోడ్డు పక్కన ఎవరో పెరట్లో తవ్వి అమ్మే దుంపలు కొనేముందు ఏ ఊరి నేలవో అడగండి. అక్కడివాళ్ళు అడుగుతారు.

ఒక పూట తిని వెళ్ళిపోయే మనకి ఇది చిన్న సంగతే. కానీ తిండి ధరల మీద, తిండి మీద ఆ జనానికున్న కోపం ఊరికే వచ్చింది కాదు. 2009లో 44 రోజులు దీవి అంతా సమ్మె కట్టింది, సరుకుల ధరలు భరించలేక. తినేదాంట్లో ఎక్కువ భాగం ఇప్పటికీ ఓడల్లోనే రావాలి మరి.

గళ్ళ గుడ్డ సంగతి మధ్యలో వదిలేశాను. ఆ వంటావిడ నెత్తిన ఉన్న గుడ్డని అక్కడ "మద్రాస్" అనే అంటారు. గ్వాడలూప్ ఆడవాళ్ళ పండగ దుస్తుల్లో అదే ముఖ్యం. కట్టులో ఎన్ని కొసలు పైకి నిలబెట్టారన్న దాన్ని బట్టి ఆవిడ మనసు ఖాళీగా ఉందో లేదో తెలుస్తుందట, అది వాళ్ళ సరదా. ఈ గుడ్డ కూలీలతో వచ్చింది కాదు, అంతకు వందేళ్ళ ముందే వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దంలో పులికాట్, మచిలీపట్నం, మద్రాసు రేవుల నుంచి గళ్ళ రుమాళ్ళు యూరపు కంపెనీల ఓడల్లో వెళ్ళి, అక్కణ్ణించి ఆఫ్రికాకి, కరీబియన్‌కి చేరేవి. మన చీరాల, పేరాల మగ్గాల మీద "రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్" అనే పేరుతో ఈ గళ్ళ గుడ్డలు ఇరవయ్యో శతాబ్దంలో కూడా నేసి పడమటి ఆఫ్రికాకి ఎగుమతి చేశారు. మా అమ్మగారి ఊరు చీరాలకి ఇరవై మైళ్ళు. నేతగాళ్ళ వీధి మీదుగా ఎన్నిసార్లు నడిచానో. ఆ గళ్ళు ఏ నెత్తి మీదికి పోతాయని ఒక్కసారీ అడగలేదు.

ఈ గుడ్డలన్నీ ఒక్కచోట చూడాలంటే ఆగస్టులో వెళ్ళాలి. పొయింతపీత్ర్‌లో వంటవాళ్ళ పండగ జరుగుతుంది. 1916లో వంట చేసి బతికే ఆడవాళ్ళు ఒక పరస్పర సహాయ సంఘం పెట్టుకున్నారు. తలా కొంత చందా వేసుకోవడం, ఒకళ్ళకి జబ్బు చేస్తే ఆదుకోవడం, పోతే గౌరవంగా సాగనంపడం. అంత అవసరం ఎందుకొచ్చిందో ఊహించుకోవచ్చు. వాళ్ళలో చాలామంది ఎవరి ఇంట్లోనో జీవితమంతా వండి, ముసలితనంలో వీధిలో పడ్డవాళ్ళు. పండక్కి గళ్ళ గుడ్డలు, బంగారు గొలుసులు, తెల్లటి ఏప్రన్లతో బుట్టల నిండా వంటకాలు పట్టుకుని చర్చికి వెళ్తారు. ఫాదరీ గిన్నెలని ఆశీర్వదిస్తాడు. తరవాత ఊరేగింపు, విందు. వాళ్ళ ఇష్టదైవం సెయింట్ లారెన్స్, ఇనప జల్లెడ మీద కాల్చి చంపబడ్డ మహానుభావుడు. వంటవాళ్ళకి ఆయన్ని ఎవరు ఎంచారో గాని, పొగలో నిలబడేవాళ్ళకి ఆ కష్టం తెలుసు.

గ్వాడలూప్ నుంచి వచ్చిన పెద్ద రచయిత్రి మరీజ్ కోండే, 2024లో పోయారు. ఆవిడ అమ్మమ్మ విక్తోవార్ ఒక తెల్ల కుటుంబంలో వంటమనిషి. చదువు రాదు. మనవరాలు 2006లో ఆ అమ్మమ్మ మీద ఒక పుస్తకం రాసింది, అమ్మమ్మ వంట, తన రాత రెండూ ఒకటేనన్న ధోరణిలో. కోండే పుట్టకముందే అమ్మమ్మ పోయింది. ఒక్క ముద్ద కూడా తినని వంట గురించి పుస్తకం రాసిందావిడ.

సరే, శాకాహారం ప్రశ్నకి వస్తాను. ఆ శ్రోత ఈపాటికి రేడియో కట్టేసి ఉంటే నా తప్పే.

అక్కడ "అంగోలా బఠాణీ" అని ఒకటి అమ్ముతారు. క్రియోల్‌లో ప్వా దాంగోల్. క్రిస్మస్ విందులో అది లేకపోతే పండగ కాదు, పంది మాంసంతో కలిపి వండుతారు. సంతలో ఒక ముసలావిడ పళ్ళెంలో ఒలుస్తూ కూర్చుంది. మా ఆవిడ ఒక కాయ తీసుకుని చీల్చి చూసి, "ఇవి కందులు కదా!" అని గట్టిగా తెలుగులోనే అరిచింది. నిజంగా కందులే, పచ్చివి. పుట్టిల్లు మన దేశమే. ఎప్పుడో ఆఫ్రికాకి వెళ్ళాయి, అక్కణ్ణించి బానిసల ఓడల కాలంలో కరీబియన్‌కి చేరాయి. అందుకే పేరులో అంగోలా. మనవాళ్ళు 1854లో కాంట్రాక్టు కాగితాలతో ఓడ దిగేసరికి, కందులు వేరే దారిలో, వేరేవాళ్ళ కష్టంతో ముందే అక్కడికి వచ్చి మొలిచి ఉన్నాయి. పేరు మారిపోయింది గాని గింజ మారలేదు.

కాబట్టి మాంసం లేకుండా వండిన కందులో, ఎర్ర చిక్కుడు గింజలో, అన్నంతో అడగండి. ముందు రోజు చెప్తే చేసిపెడతారు, అప్పటికప్పుడు చెప్తే అందులో మాంసం ముక్క ఉండే తీరుతుంది. బెంగుళూరు వంకాయని అక్కడ క్రిస్తోఫీన్ అంటారు. దాన్ని ఉడికించి, చీజు వేసి కాలుస్తారు. రొట్టెపండుతోనూ అలాగే చేస్తారు. సముద్రపు ఒడ్డున చెక్క పీపాలో చేత్తో తిప్పి తీసే కొబ్బరి ఐసు అమ్మేవాళ్ళుంటారు, ఒకటి తింటే రెండోది అడుగుతారు. లె సాంత్ లంకకి పడవలో వెళ్తే రేవులోనే ఆడవాళ్ళు బుట్టల్లో కొబ్బరి లౌజు పెట్టిన చిన్న కేకులు అమ్ముతారు. వాటి పేరు "ప్రేమ బాధలు". చేపల వేటకి వెళ్ళిన మగవాళ్ళ కోసం చేసేవారట. వాటిలో గుడ్డు ఉంటుంది, అదీ పట్టింపైతే చూసుకోండి. కొలొంబో కూడా కూరగాయలతో చేయించుకోవచ్చు. మా ఆవిడ మూడు రోజులు అదే తింది.

ఆఖరి రోజు ఆదివారం. కపెస్తేర్ చుట్టుపక్కల ఒక ఇంటి పెరట్లో చిన్న గుడి, రంగు రంగుల జెండాలు. మమ్మల్ని చూసి లోపలికి రమ్మన్నారు. మాలియెమిన్ అమ్మవారు, అంటే మారియమ్మ. వేపమండలు కట్టారు. వేపాకుని వాళ్ళు "వెపెలె" అంటారు, తమిళ వేప్పిలై. అమ్మవారికి మేకని బలిచ్చి, దాన్నే కొలొంబో వండి వచ్చినవాళ్ళందరికీ అరిటాకుల్లో పెడతారు. మా ఆవిడ ఆ సమయానికి పాపని తీసుకుని బయట చెట్టు కింద నిలబడింది. తరవాత ఆకులు వేసినప్పుడు ముగ్గురం నేల మీద కూర్చున్నాం. మా ఆవిడకి అన్నం, కూరగాయల పులుసు వేరే గిన్నెలోంచి పెట్టారు. అడక్కుండానే పెట్టారు, మొక్కు ఉన్నవాళ్ళు మాంసం ముట్టరట. అందరూ చేత్తోనే తింటున్నారు. రోజూ చెంచాతో తినే మా పాప కూడా కలుపుకుని తింది.

పూజారి ఎనభై దాటిన మనిషి. పూజప్పుడు పాడినవి తమిళ పాటలు. భోజనాలయ్యాక ఆయన తన నోటుపుస్తకం చూపించాడు. తాత దగ్గర నేర్చుకున్న పాటలన్నీ ఫ్రెంచి అక్షరాల్లో రాసుకున్నాడు. మా ఆవిడ ఇంటర్మీడియట్ ఫ్రెంచిలో "వీటి అర్థమేమిటి?" అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపి, చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. అర్థం తెలీదు. ఆయన తాతకి కూడా తెలుసో లేదో. మీరేం మాట్లాడతారు, తమిళమా అని ఆయన మమ్మల్ని అడిగాడు. కాదు, తెలుగు అని చెప్పాం. ఆ మాట ఆయన ఎప్పుడూ వినలేదు.

మా పాప ఆ పుస్తకం తీసుకుని చూసి, "నాన్నా, నా పద్యాల పుస్తకం లాగే ఉంది" అంది, ఇంగ్లీషులో. ఉగాది పోటీల కోసం మేము దానికి వేమన పద్యాలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఇచ్చిన పుస్తకం అన్నమాట. కిందటి ఏడు దానికి రెండో బహుమతి వచ్చింది. ఇక్కడ మీలో చాలామంది చప్పట్లు కొట్టారు.

అడిగిన శ్రోతకి ఇంకొక్క మాట. ఓడ దిగాక ఎక్కడికి వెళ్ళినా సరే, మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా కూర్చోండి. రెండు దాటిందంటే మళ్ళీ బొకిట్ బండే గతి. పులిహోర కూడా కొంచెం కట్టుకోండి, పొయింతపీత్ర్ సంతలో ఎవరికైనా రుచి చూపించడానికి.